కొండ దిగితేనే డాక్టరేటా?

విశాఖపట్నంలో ఆ మధ్య ఒక సదస్సు జరిగింది, నర్సింగ్ విద్యలో ప్రమాణాల మీద. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక పెద్దాయన పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని, "నర్సింగ్ పాఠాలు చెప్పడంలో డాక్టరేటట, అదీ ఆన్‌లైన్‌లోనట! రేపు కాన్పులు కూడా ఫోన్‌లోనే చేయించేస్తారు కాబోలు" అన్నారు. చుట్టూ నిలబడ్డవాళ్లం ఘొల్లున నవ్వాం. నేనూ నవ్వాను. చేయి కడుక్కుని కూర్చున్నాక ఆ నవ్వు నాకే ఎబ్బెట్టుగా తోచింది. ముప్పై ఏళ్లు నర్సింగ్ పాఠాలు చెప్పినదాన్ని, పిల్లల్ని వెంటేసుకుని ఎన్నోసార్లు అరకు ఘాట్ ఎక్కినదాన్ని. నాకు తెలిసినదంతా పక్కనపెట్టి ఎందుకు నవ్వినట్టు?

అది ఆయన ఒక్కడి మాటైతే ఇంత రాయక్కర్లేదు. మన నర్సింగ్ కాలేజీల స్టాఫ్ రూముల్లో అందరూ ఎప్పుడో ఒప్పేసుకున్న మాట అది. నర్సింగ్ చేతుల్లో ఉండే విద్య, తెర మీద అబ్బదు అంటారు. ఆన్‌లైన్ డాక్టరేట్ అంటే డబ్బిచ్చి తెచ్చుకున్న కాగితం అంటారు. ఇంకొకటుంది, దాన్ని మైకులో అనరు. అరకు, పాడేరు పేరెత్తినప్పుడు మాత్రం నోరు జారుతుంది: "అక్కడ సూది వేసే మనిషికే దిక్కు లేదు, డాక్టరేట్ ఎవరికమ్మా?"

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను. లేకపోతే ఇది చదివి ఎవరైనా పోయి ఫీజు కట్టేస్తారేమోనని నా భయం. మన దేశంలో ఇవాళ ఆన్‌లైన్ పీహెచ్‌డీ చెల్లదు. యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనలు దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఏ సంస్థా పీహెచ్‌డీ నడపకూడదని రాశాయి. దానికి ముందే, 2020 నాటి దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల నిబంధనలు నర్సింగ్‌నూ పీహెచ్‌డీనీ రెండింటినీ నిషిద్ధ జాబితాలో పెట్టాయి. విదేశీ యూనివర్సిటీల పేరు చెప్పి ఎడ్‌టెక్ కంపెనీలు అమ్ముతున్న ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని 2022 అక్టోబరులో యూజీసీ, ఏఐసీటీఈ కలిసి హెచ్చరించాయి. ఫోన్‌లో "ఏడాదిన్నరలో డాక్టరేట్, థీసిస్ సంగతి మాకొదిలేయండి" అని వచ్చే ప్రకటనకు జవాబు ఇవ్వకండి. అది డాక్టరేట్ కాదు, మోసం. అక్కడ ఆ పెద్దాయనకూ నాకూ పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, దొంగల్ని ఆపడానికి వేసిన తలుపును మనం సిద్ధాంతంగా మార్చేసుకున్నాం. తెర మీద జరిగితే దొంగది, గోడల మధ్య జరిగితే అసలుది అని తీర్మానించేశాం. పైగా దీన్ని నర్సింగ్ పేరుతో సమర్థించుకుంటున్నాం.

చేతుల సంగతే చూద్దాం. డాక్టరేట్‌కు వచ్చేటప్పటికి ఒక నర్సింగ్ టీచరు బీఎస్సీలో నాలుగేళ్లు, ఎమ్మెస్సీలో రెండేళ్లు చదివి ఉంటుంది. మధ్యలో వార్డు డ్యూటీలు, నైట్ డ్యూటీలు. ఆ తర్వాత పిల్లలకు పడక సర్దడం, బీపీ చూడడం, కాన్పు గదిలో నిలబడడం నేర్పుతూ ఎన్నో ఏళ్లు. ఆమె చేతులకు కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. నర్సింగ్ బోధనలో డాక్టరేట్ నేర్పేది వేరే: నర్సును ఎలా తయారు చేయాలి, చెప్పిన పాఠం రోగి మంచం దగ్గరికి వెళ్లేసరికి ఎందుకు ఆవిరైపోతుంది, పిల్ల పరీక్షలో రాసింది వార్డులో ఎందుకు చేయదు. ఈ ప్రశ్నలకు ప్రయోగశాల యూనివర్సిటీ లైబ్రరీ కాదు. ఆమె రోజూ నిలబడే వార్డే, ఆమె పిల్లలు వెళ్లే ఊరే. ఆ ప్రయోగశాలను వదిలి కోర్సు వర్క్‌కనీ సెమినార్లకనీ నగరానికి తిరిగితేనే పరిశోధన అనడం, వ్యవసాయం మీద పరిశోధించేవాడు ముందు పొలం అమ్ముకు రావాలన్నట్టుంది.

ఇంకో తమాషా చూడండి. చేతిపని ఎక్కువగా ఉండే చదువును ఈ దేశం దూరవిద్యలో నడిపింది! డిప్లొమా చేసి ఉద్యోగంలో ఉన్న నర్సులకు ఇగ్నో 1990ల నుంచే పోస్ట్ బేసిక్ బీఎస్సీ చెప్పింది. వాళ్లు తమ ఆస్పత్రుల్లో పనిచేస్తూ, స్టడీ సెంటర్లకు వెళ్తూ పట్టభద్రులయ్యారు. నా తోటి టీచర్లలో కొందరు ఆ దారిన వచ్చినవాళ్లే, వాళ్ల చేతులకేమీ తక్కువ కాలేదు. పీహెచ్‌డీ సంగతికి వస్తే, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో 2005-06లో జాతీయ కన్సార్షియం ఒకటి పెట్టాయి. వేర్వేరు నగరాల్లో స్టడీ సెంటర్లు, వాటిని కలుపుతూ వీడియో కాన్ఫరెన్స్. అంటే నర్సింగ్ పీహెచ్‌డీ పాఠం తెర మీద చెప్పొచ్చని ఇరవై ఏళ్ల కిందటే మన కౌన్సిలే తేల్చింది. అప్పట్లో అరకులో సెల్‌ఫోన్ మోగడమే వింత. ఇప్పుడు తెర ప్రతి చేతిలోకీ వచ్చాక, తెర పాపమైపోయింది.

2020 మార్చిలో కరోనా వచ్చి కాలేజీలు మూసేశాక ఏం చేశాం? థియరీ అంతా ఫోన్‌లోనే చెప్పాం. ఏజెన్సీ పిల్లలు సిగ్నల్ కోసం గుట్టలెక్కి, గొడుగు కింద కూర్చుని అనాటమీ విన్నారు. ఆ ఏప్రిల్‌లోనే పీహెచ్‌డీ వైవాలు వీడియోలో జరుపుకోవచ్చని యూజీసీ చెప్పింది. నగరాలకు కష్టం వచ్చినప్పుడు తెర పనికొచ్చింది, ఎవరూ నవ్వలేదు. కొండకు ఆ కష్టం ఏడాది పొడుగునా ఉంటుంది.

రోగుల విషయం ఇంకా విడ్డూరం. ఈ-సంజీవని కింద ఊరి ఆరోగ్య కేంద్రం నుంచి వీడియోలో డాక్టరుతో మాట్లాడించే ఏర్పాటును దేశంలో మొదట మొదలుపెట్టిన రాష్ట్రం మనదే, 2019 నవంబరులో. మన్యంలో ఒక గర్భిణి కాళ్ల వాపు గురించి తెరలో డాక్టరు చెప్పిన మాట నమ్మి మందు ఇస్తున్నాం. ప్రాణం మీది మాటకు తెర సరిపోయింది. ఒక టీచరమ్మ తన థీసిస్‌లో మూడో అధ్యాయం గురించి గైడ్‌తో మాట్లాడడానికి మాత్రం సరిపోదట.

ఇక గోడల మధ్య జరిగే అసలు సిసలు పరిశోధన ఎలా ఉంటుందో నర్సింగ్‌లో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అయినా బయటివాళ్ల కోసం చెబుతాను. "ఫలానా విషయంపై స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం" అనే శీర్షిక ఒకటుంటుంది. ఫలానా స్థానంలో రక్తహీనత, తల్లిపాలు, మధుమేహం, చేతులు కడుక్కోవడం, ఏదైనా పెట్టుకోవచ్చు. ముప్పై ప్రశ్నల కాగితం ఇచ్చి ప్రీ టెస్ట్ పెడతారు. ఫ్లాష్ కార్డులు చూపించి ముప్పావు గంట పాఠం చెబుతారు. వారం తర్వాత అవే ప్రశ్నలతో పోస్ట్ టెస్ట్. మార్కులు పెరుగుతాయి. పెరగక ఏమవుతాయి, జవాబులు చెప్పింది మనమే కదా! స్టాటిస్టిక్స్ ఆయన దగ్గర లెక్కలు చేయించి, నల్ల అట్ట వేయించి, బంగారు అక్షరాలు కొట్టించి సమర్పిస్తారు. తర్వాత అది బీరువాలోకి వెళ్తుంది. ఇవన్నీ ఎదురెదురుగా కూర్చుని, హాజరు పట్టీలో సంతకాలు పెట్టి, పూర్తి గౌరవంతో చేసినవే. నేను గైడ్ చేసినవి కూడా ఇందులో ఉన్నాయి, దాచడమెందుకు? మనిషి ఎదురుగా ఉన్నంత మాత్రాన పరిశోధన జరగదని నా బీరువాయే సాక్ష్యం.

నిజమైన పరిశోధన ప్రశ్న నాకు ఎదురైంది అరకు పక్కన డుంబ్రిగుడ మండలంలో, ఒక ఊళ్లో. కమ్యూనిటీ పోస్టింగ్. పిల్లలకు ఇళ్లకు వెళ్లడం నేర్పడానికి తీసుకెళ్లాను. నర్సింగ్‌లో బ్యాగ్ టెక్నిక్ అని ఒకటుంది: ఇంట్లోకి వెళ్లి, శుభ్రమైన చోట పేపరు పరిచి, దాని మీద బ్యాగ్ పెట్టి, చేతులు కడుక్కుని, వరసగా సామాను తీయాలి. పుస్తకంలో ఇంటికి ముందు గది ఉంటుంది, బల్ల ఉంటుంది, కొళాయి ఉంటుంది. అక్కడ అరుగుంది, అరుగు మీద ఆరబోసిన సామలున్నాయి, నీళ్లు గెడ్డ నుంచి తెచ్చుకున్న బిందెలో ఉన్నాయి. ఆ బిందెడు నీళ్లు మా చేతులకే అయిపోతే వాళ్లు మళ్లీ దిగి ఎక్కాలి. పిల్లలు నా మొహం చూశారు. నేను సామల మొహం చూశాను.

అరుగు మీద ఒక మామ్మ మోకాలు పట్టుకుని కూర్చుంది. మైదానం నుంచి వచ్చిన నా విద్యార్థిని, బాగా చదివే పిల్ల, నేను నేర్పినట్టే అడిగింది: "మామ్మా, నొప్పి సున్నా నుంచి పది లోపల ఎంతుంటుంది?" మా బ్యాచ్‌లో ఆ మండలం పిల్ల ఒకతె ఉంది. కాలేజీలో తెలుగు యాస మీద అందరూ ఆటపట్టించేవాళ్లు, క్లాసులో నోరు విప్పేది కాదు. ఆమె ఆదివాసీ ఒడియాలోకి మార్చి చెప్పింది. మామ్మ నవ్వి ఏదో అంది. "పది ఎందుకు, నాకున్నది ఒక్కటే నొప్పి అంటోంది మేడం" అంది మా పిల్ల. తర్వాత నేను చెప్పకుండానే తన ప్రశ్న తను వేసింది. గెడ్డకు వెళ్లి నీళ్లు తెస్తున్నావా? తెస్తున్నాను. కట్టెల మోపు? పోయిన వానల నుంచి కోడలే తెస్తోంది. సంతకు నడుస్తున్నావా? వెళ్లేటప్పుడు నడుస్తాను, వచ్చేటప్పుడు ఆటో.

నోట్‌బుక్‌లో ఆ పిల్ల రాసుకున్న మూడు వాక్యాలు నేను ఇరవై ఏళ్లుగా నేర్పిన నొప్పి కొలబద్ద కన్నా మెరుగైనవి. ఆమెకు ఆ సంగతి తెలియదు. నాకు తెలిసింది, కానీ దాన్ని పాఠంగా మార్చే భాషా నాకు లేదు, ఊరూ నాది కాదు. నర్సింగ్ బోధనలో డాక్టరేట్‌కు అంతకన్నా సరైన విషయం నాకు కనిపించలేదు. అంకెలతో నొప్పిని లెక్కపెట్టని మనుషుల దగ్గర నొప్పిని అంచనా వేయడం విద్యార్థులకు ఎలా నేర్పాలి?

ఆ కొండల్లో ఇలాంటి ప్రశ్నలు అడుగడుక్కీ ఉన్నాయి. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బుకు పరీక్షలు ఊరూరా చేస్తున్నారు, 2023 జులైలో జాతీయ మిషన్ మొదలైంది. "నీకు జబ్బు లేదు, కానీ నీ రక్తంలో ఉంది, నీ పిల్లలకు రావచ్చు" అన్న ముక్క పెళ్లి కావాల్సిన కుర్రదానికి కువి భాషలో ఎలా చెప్పాలో ఏ నర్సుకు నేర్పాం? పౌష్టికాహార చార్టులో పాలగ్లాసు, యాపిల్ బొమ్మ వేసుకుని, పాలు తాగే అలవాటే లేని ఊరికి వెళ్తున్నాం. అంబలి తాగే ఇంట్లో అంబలి గురించి మన పిల్లలకు ఒక్క ముక్క తెలియదు. ఊరి వైద్యుడైన దిసారి దగ్గరికి ముందు వెళ్లి తర్వాత మన దగ్గరికి వచ్చిన రోగిని కసరకుండా మాట్లాడడం పాఠ్యప్రణాళికలో ఎక్కడుంది? ఇటుకల పండుగ రోజుల్లో సర్వేకు వెళ్లి, ఊళ్లో మగవాళ్లంతా వేటకు పోతే, "సహకరించలేదు" అని రిపోర్టు రాసిన బ్యాచ్‌లు నాకు తెలుసు. ఒకటి నాదే.

బడి పిల్లల విషయంలో ఈ ఆలోచన మనవాళ్లకు ఎప్పుడో వచ్చింది. కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర, కోయ భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక పుస్తకాలు రెండు దశాబ్దాల కిందటే వచ్చాయి. అంతకు చాలా ముందు, 1943లో, ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండు యువకుల కోసం టీచర్ల శిక్షణ కేంద్రం తెరిపించారు. వాళ్లను హైదరాబాద్ రమ్మనలేదు, శిక్షణనే అడవిలోకి తీసుకెళ్లారు. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 సంవత్సరపు జీవో 3 వెనుక ఉన్నదీ అదే అనుభవం: మైదానం నుంచి వచ్చిన అయ్యవారు సోమవారం ఆలస్యంగా ఎక్కి శుక్రవారం పెందలాడే దిగిపోతారు. ఆ జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి నిలవదంది. ఆ తీర్పు మంచిచెడ్డల జోలికి నేనిక్కడ పోను. అయ్యవారి బస్సు టైము మాత్రం తీర్పుతో మారలేదు.

ఇప్పుడు "సూది వేసే మనిషికే దిక్కు లేదు" అన్న మాటకు వస్తాను. ఇది పైకి జాలిలా వినిపిస్తుంది. డోలీ మీద గర్భిణిని మోసుకొస్తున్న ఫోటో పేపర్లో చూసి మనం చాలా బాధపడతాం. ఆ బాధలోనే ఒక లెక్క దాగి ఉంటుంది: వీళ్లకు ముందు రోడ్డు, తర్వాత అంబులెన్స్, తర్వాత సూది. ఆలోచన మాత్రం ఆఖరున, అదీ మిగిలితే. నగరాల్లో ఇలా వరస పెట్టామా? విశాఖలోని కేజీహెచ్‌లో మంచాలు చాలక రోగులు నేల మీద పడుకున్న రోజుల్లో, ముందు మంచాలు రానీ, తర్వాత ఎండీలు చేద్దురుగాని అని ఆంధ్రా మెడికల్ కాలేజీతో ఎవరైనా అన్నారా?

సూది వేసే మనిషిని ఎవరు తయారు చేస్తారన్నదే అసలు ప్రశ్న. పాడేరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2024లో 50 సీట్లతో మొదలైంది. 2014 తర్వాత కేంద్ర సాయంతో వచ్చిన మెడికల్ కాలేజీల పక్కన 157 నర్సింగ్ కాలేజీలు పెట్టాలని 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది, ఒక్కో దానికీ వంద సీట్ల లెక్కన. పాడేరు కాలేజీ కూడా ఆ కేంద్ర సాయం కోవలోదే. వంద సీట్ల బీఎస్సీ కాలేజీ నాలుగేళ్లు నిండేసరికి నాలుగు వందల మంది విద్యార్థులు. పది మందికి ఒక టీచరు అన్న కౌన్సిల్ ప్రమాణం ప్రకారం నలభై మంది టీచర్లు కావాలి. ప్రిన్సిపాల్‌కు పీహెచ్‌డీ ఉంటే మేలు అని కౌన్సిల్ ప్రమాణాల్లోనే ఉంది. ఈ నలభై మందీ ఎక్కడి నుంచి వస్తారు? చోడవరం మీదుగా సోమవారం ఆలస్యంగా ఎక్కి వస్తారా?

ఆ డుంబ్రిగుడ పిల్ల ఎమ్మెస్సీ చేసి అలాంటి కాలేజీలో ట్యూటర్ అయిందనుకోండి. వయసు ముప్పై రెండు, ఇద్దరు పిల్లలు. పీహెచ్‌డీ చేయాలని ఉంది. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి దారి ఉంది, ఆ మాట నిజమే. ఆమె పనిచేసే చోట నుంచి ఒక కాగితం కావాలి: చదువుకు తగినంత సమయం దొరుకుతుందని, కోర్సు వర్క్‌కు అవసరమైతే రిలీవ్ చేస్తామని. టీచర్లే చాలని కాలేజీలో ఆ కాగితం మీద ఎవరు సంతకం పెడతారు? పెట్టినా, కోర్సు వర్క్‌కు నగరంలో గది తీసుకోవాలి, పిల్లల్ని వదలాలి లేదా తెచ్చుకోవాలి. గైడ్‌ను కలవాలంటే నూరు కిలోమీటర్ల పైచిలుకు ఘాట్ దిగాలి, నాలుగు గంటలు బస్సులో. "ఇవాళ మీటింగ్ ఉందమ్మా, వచ్చే వారం రా" అంటే మళ్లీ ఎక్కాలి. ఈ ఒక్క వాక్యం ఎన్ని పీహెచ్‌డీలను చంపిందో ఎవరైనా పరిశోధిస్తే బాగుండును.

యూజీసీ నిబంధనలు ఆడవాళ్లకు గడువు పెంచాయి. ఆరేళ్లకు పైన మళ్లీ నమోదు చేసుకుని రెండు, ఆడవాళ్లకని ఇంకో రెండు, మొత్తం పదేళ్ల దాకా. మంచి మనసుతో చేసిందే. కానీ పదేళ్లలో ఎన్నిసార్లు ఘాట్ దిగాలో లెక్క వేసుకుంటే అది వరంలా కనిపించదు.

"డాక్టరేట్ వస్తే ఆమె కొండ దిగిపోతుంది" అని ఇంకో మాట. కొందరు దిగుతారు. బెంగళూరుకో, గల్ఫ్‌కో, లండన్‌కో మనవాళ్లు వెళ్లడం లేదా, వాళ్లను తప్పుపడుతున్నామా? గిరిజన పిల్ల ఒక్కతే ఊరికి కట్టుబడి ఉండాలన్న నియమం ఎక్కడిది? అదలా ఉంచి, మామూలు బుద్ధితో ఆలోచించండి. చదువు పేరుతో మనిషిని నగరంలో ఉంచితే కొండ దిగుతుందా, ఉన్నచోటే ఉంచి చదివిస్తే దిగుతుందా? పిల్లల్ని నగరం బడిలో వేశాక, అద్దె ఇల్లు అలవాటయ్యాక, ఏ పీహెచ్‌డీ వెనక్కి ఎక్కింది? దిగిపోతారని భయపడేవాళ్లే దిగితేనే డిగ్రీ అంటున్నారు.

అమెరికాలో ఈ గొడవ దాదాపు ముగిసింది. నర్సులకు డాక్టరేట్ దారి మొదట తెరిచినది కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీ, 1920ల్లో. అదే కాలేజీ ఇవాళ నర్సింగ్ విద్యలో డాక్టరేట్‌ను ఆన్‌లైన్‌లో నడుపుతోంది. అక్కడ స్థిరపడిన మన తెలుగు నర్సు నైట్ డ్యూటీ దిగి, ల్యాప్‌టాప్ తెరిచి అలాంటి చదువు చదివితే ఇక్కడ బంధువులు స్వీట్లు పంచుతారు. ఆమె పిన్ని కూతురు పాడేరులో అదే పని చేస్తానంటే పులిహోర దగ్గర జోకు వేస్తాం. అమెరికాలో అంతా మేలిమి అని నేననడం లేదు. ఫీజులు పిండి డిగ్రీలు పంచే దుకాణాలు అక్కడా ఉన్నాయి. అందుకే వాళ్లు అడిగేది గైడ్ ఎవరు, ఎన్నాళ్లకోసారి చూస్తారు, క్యాంపస్‌కు ఎన్ని రోజులు రావాలి, థీసిస్ ఎవరు దిద్దారు అని. పాఠం ఏ తీగ మీద నడిచిందని కాదు.

కొనుక్కునే కాగితం గురించి ఒక ముక్క. మోసం తెరతో పుట్టలేదు. శాలువా కప్పి, దండ వేసి, ఫోటో తీసి ఇచ్చే గౌరవ డాక్టరేట్లు మన ఊళ్లలో ఫంక్షన్ హాళ్లలోనే పంచుతారు, ముఖాముఖీగానే. వేరేవాళ్లతో థీసిస్ రాయించుకోవడం కంప్యూటర్ రాకముందు నుంచీ ఉన్న పరిశ్రమ. నిజానికి దొంగను పట్టుకోవడం తెర మీదే తేలిక: ఏ తేదీన ఎంతసేపు మాట్లాడారో, ఏ డ్రాఫ్ట్‌లో ఏం మార్చారో అంతా రికార్డై ఉంటుంది. కారిడార్‌లో నిలబడి పది నిమిషాలు చేసే గైడెన్స్‌కు ఏ రికార్డూ లేదు.

నెట్ లేదు కదా అంటారు. నిజం, చాలా ఊళ్లలో లేదు. ముంచింగిపుట్టు లోపలి ఊళ్లలో ఇప్పటికీ ఫోన్ పట్టుకుని ఒక చెట్టు కిందికి వెళ్లాలి. కానీ పీహెచ్‌డీ చేసే ట్యూటర్ కూర్చునేది పాడేరులోనో అరకులోనో, అక్కడ లైన్ ఉంది. డేటా సేకరించడానికి ఊరికి వెళ్లినప్పుడు ఆమెకు కావలసింది చెవులు, సిగ్నల్ కాదు.

నేనడిగేది ఆకాశంలో నక్షత్రం కాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947 స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. కొత్త ఇల్లు కట్టేటప్పుడే కిటికీ పెట్టించుకోవాలి. కమిషనూ యూజీసీ కలిసి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పనిచేసే నర్సింగ్ టీచర్ల కోసం ఒక దారి రాయాలి. పాత కన్సార్షియం లాగానే ప్రభుత్వ విశ్వవిద్యాలయమే నడపాలి, కంపెనీలు కాదు. కోర్సు వర్క్ తెర మీద, ఏడాదికి రెండు విడతలు ముఖాముఖీగా విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయంలో. ప్రధాన గైడ్ ఎక్కడున్నా ఫరవాలేదు, సహ గైడ్ మాత్రం ఆ భాష తెలిసిన మనిషై ఉండాలి, విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం నుంచైనా సరే. నెలకు ఇన్ని గంటల గైడెన్స్ జరిగిందని రికార్డు ఉండాలి, అది చూపించని గైడ్‌కు కొత్త విద్యార్థిని ఇవ్వకూడదు. ఈ చివరి నిబంధన నగరం గైడ్లకు కూడా వర్తింపజేస్తే నాకు అభ్యంతరం లేదు, వాళ్లకుంటుంది.

వైవా మాత్రం తెర మీద వద్దు. నేను ఆన్‌లైన్ పక్షం తీసుకున్నానని అనుకున్నవాళ్లు ఇక్కడ ఆశ్చర్యపోవచ్చు. వైవా ఆ ఊళ్లోనే పెట్టాలి, ఆమె పరిశోధన చేసిన ఊళ్లో, అరుగు మీద. పరీక్షకుడు రావాలి, మామ్మ కూడా ఉండాలి, ఆమెకూ ఒక ప్రశ్న వేసే హక్కుండాలి. మొదటి వైవాకు నా పులిహోర పెద్దాయన్నే పిలవాలని నా కోరిక. ఎస్.కోట దాటగానే మలుపులు మొదలవుతాయి. చేతిలో ఒక నిమ్మకాయ పెట్టుకోమని ముందే చెబుతాను.